గోడల గోడు వినేదెవరు?

సినిమా చూసి బయటికొచ్చే ప్రేక్షకుణ్ణి ఆపి "ఏం బాగుందండీ?" అని అడిగి చూడండి. ఫైటు బాగుందంటాడు. హీరోయిన్ చీర బాగుందంటాడు. రెండో పాట బాగుందంటాడు. కాస్త రసికుడైతే కెమెరా బాగుందంటాడు. "గోడ బాగుందండీ!" అన్న ప్రేక్షకుణ్ణి మాత్రం నేనింతవరకు చూడలేదు. మీకెక్కడైనా తారసపడితే దయచేసి ఒక కార్డు ముక్క రాయండి. ఆ మహానుభావుడికి పూలదండ వేసి వస్తాను.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. హీరో లేకుండా సినిమా లేదు, ఒప్పుకున్నాం. కానీ ఆ హీరో నిలబడ్డానికి ఒక గడప, ఆనుకోడానికి ఒక స్తంభం, దూకడానికి ఒక ప్రహరీ లేకుండా కూడా సినిమా లేదు గదా! 1957 నాటి 'మాయాబజార్'లో ద్వారకానగరం గుర్తుందా? కళాదర్శకులు మాధవపెద్ది గోఖలే గారు, కళాధర్ గారు. 50 అడుగులకు 60 అడుగుల జాగాలో సుమారు 300 బొమ్మ ఇళ్ళు పేర్చి, వాటికి విద్యుద్దీపాలు అమర్చి, మార్కస్ బార్‌ట్లీ గారు కెమెరా పెడితే, అది సాక్షాత్తూ శ్రీకృష్ణ పరమాత్మ రాజధాని అయి కూర్చుంది. ఆ 300 ఇళ్ళలో ఒక్కటైనా ఏ అద్దాల బీరువాలోనైనా మీరు చూశారా? నేనైతే చూడలేదు.

2003లో 'ఒక్కడు' కోసం అశోక్ వేసిన చార్మినార్, 2004లో 'అర్జున్' కోసం తోట తరణి గారు లేపిన మధుర మీనాక్షి గుడి... జనం నోళ్ళు వెళ్ళబెట్టి చూశారు. తర్వాత? సెట్టు అంటేనే ప్లైవుడ్డు, ప్లాస్టరు, పెయింటు. షూటింగయ్యాక విప్పేస్తారు. అది వృత్తి ధర్మం, తప్పు పట్టేదేం లేదు. 'బాహుబలి' కోసం సాబు సిరిల్ గారు కట్టించిన మాహిష్మతికి కాస్త అదృష్టముంది. రామోజీ ఫిల్మ్ సిటీలో టిక్కెట్టు కొన్నవాళ్ళకు దర్శనమిచ్చింది. అయితే నా బెంగ సెట్టు గురించి కాదండీ. సెట్టు కంటే ముందు పుట్టే గీత గురించి. కాగితం మీద వేసిన ప్లాను, అట్టముక్కలతో చేసిన నమూనా, రంగు నీళ్ళతో దిద్దిన స్కెచ్చి - ఇవి ఎక్కడికి పోతున్నాయి? పాటల పుస్తకం దాచుకున్నవాళ్ళున్నారు, పోస్టరు దాచుకున్నవాళ్ళున్నారు. గీతను దాచిన ఇల్లు ఏది?

అలాంటి ఇల్లు ఒకటుంది. మన దగ్గర కాదు లెండి!

ఓడరేవు ఊళ్ళో బొమ్మలిల్లు

నెదర్లాండ్స్ దేశంలో రోటర్‌డామ్ అని పెద్ద ఓడరేవు పట్నం. అక్కడ 2013లో ఓ పని చేశారు. కట్టడాల సంస్థ ఒకటి, డిజైన్ సంస్థ ఒకటి, డిజిటల్ సంస్కృతి సంస్థ ఒకటి - అప్పటికే విడివిడిగా ఉన్న మూడింటినీ ఒక్క చూరు కిందికి తెచ్చారు. దానికి పెట్టుకున్న పేరుకు మన భాషలో అర్థం 'కొత్త సంస్థ'. అంతే, ఆడంబరం లేదు. యో కూనెన్ అనే వాస్తుశిల్పి గీసిన ఆ భవనం మాత్రం 1993 నాటిదే. లోపల ఏముంటాయి? ఆ దేశపు ఇంజనీర్లు, శిల్పులు తరతరాలుగా గీసిన ప్లాన్లు, చేసిన నమూనాలు, రాసుకున్న ఉత్తరాలు. పక్కనే 1933 నాటి ఒక ఇల్లుంది. కాఫీ, టీ, పొగాకు కంపెనీ డైరెక్టరు గారొకాయన కట్టించుకున్నది. కుర్చీ, మంచం, దీపం, గుండీ దగ్గర్నుంచి ఆనాటి తీరులోనే సర్ది జనానికి చూపిస్తున్నారు.

"ఓడరేవు ఊరికి ఈ సరదా ఎందుకు?" అని మీకనిపించవచ్చు. చెప్తాను. 1940 మే 14న జర్మన్ విమానాలు ఆ ఊరి నడిబొడ్డు మీద బాంబులు కురిపించాయి. గంటల్లో నగరం మధ్యభాగం బూడిదయింది. మళ్ళీ ఇటుక ఇటుకా పేర్చుకుని లేచారు. అలాంటి ఊరివాడికి తెలుస్తుంది, గోడ కూలిపోతే మళ్ళీ కట్టుకోవచ్చు, గీత పోతే ఏం కట్టాలో కూడా తెలియదని.

ఈ ముచ్చట తలలో తిరుగుతుండగా మొన్నామధ్య పాత సినిమా హాళ్ళ మీద ఒక వ్యాసం కోసం సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ తిరిగొచ్చాను. మూడూ పాత నల్గొండ జిల్లా బిడ్డలే. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు వచ్చాక సూర్యాపేట తనే జిల్లా కేంద్రమై కూర్చుంది, కోదాడ ఆవిడ వెంట వెళ్ళింది, మిర్యాలగూడ నల్గొండలోనే ఉండిపోయింది. అన్నదమ్ములు వేరుపడ్డా గోడ ఒకటే అన్నట్టు, సినిమా విషయంలో మూడూ ఒకటే ఇల్లు!

మూడు ఊళ్ళు, ముగ్గురు మనుషులు

కోదాడ పక్కన గుడిబండ ఎవరి ఊరో మీకు చెప్పాలా? కత్తి కాంతారావు గారిది! 1923లో పుట్టి, హెచ్.ఎం. రెడ్డి గారి 'ప్రతిజ్ఞ'తో 1953లో హీరో అయి, విఠలాచార్య గారి జానపదాల్లో ఎన్ని కోటగోడలు దూకారో లెక్కలేదు. 'లవకుశ'లో లక్ష్మణుడాయనే. నారదుడంటే ఆయనే. 2009లో వెళ్ళిపోయారు. ఆయన కత్తి గురించి అందరూ రాశారు. ఆయన దూకిన కోటగోడ ఎవరు కట్టారో, ఆ బురుజుకు రాయి రంగు ఎలా వచ్చిందో రాసినవాడు లేడు.

తుంగతుర్తి నుంచి వచ్చిన డాక్టర్ ఎం. ప్రభాకరరెడ్డి గారు రెండోవారు. చదివింది వైద్యం, చేసింది విలనీ, రాసింది కథలు, ఇచ్చింది మాత్రం భూమి! సినీ కార్మికులు తలదాచుకునే ఇళ్ళ కోసం హైదరాబాదులో తన స్థలం ఇచ్చిన మనిషి. చిత్రపురి కాలనీ ఆయన పేరు మోస్తోంది. తెర మీద కొంపలు కూల్చిన విలను, తెర బయట కొంపలు కట్టించాడన్న మాట.

మూడోవారు మిర్యాలగూడ చిత్రకారుడు 'దాసి' సుదర్శన్ గారు. బి. నర్సింగరావు గారి 'దాసి' 1988 నాటిది. కథాకాలం 1920ల నాటి తెలంగాణ గడీ. ఆ సినిమాకు జాతీయ అవార్డులు ఐదు వచ్చాయి. ఉత్తమ తెలుగు చిత్రంగా ఒకటి, నటి అర్చనకు ఒకటి, కెమెరాకు ఎ.కె. బీర్ గారికి ఒకటి, కళాదర్శకత్వానికి చిత్రకారుడు తోట వైకుంఠం గారికి ఒకటి, దుస్తుల రూపకల్పనకు మన సుదర్శన్ గారికి ఒకటి. ఐదింటిలో రెండు డిజైన్‌కే వచ్చాయి, గమనించారా? గడీలో దాసి కట్టే చీర అంగట్లో దొరకదు. దొరసాని జాకెట్టు చేతులు ఎంత పొడవో పుస్తకాల్లో ఉండదు. ముసలమ్మలను అడిగి, పాత ఫోటోలు వెదికి, నూలు పట్టి చూసి తెలుసుకోవలసిందే. సుదర్శన్ గారు 2024 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఆయన తరం మనుషులు ఒక్కొక్కరే వెళ్ళిపోతుంటే, ఆ తెలివి కూడా వాళ్ళ వెంటే వెళ్ళిపోతోంది. నా బాధ అదే.

తాళంచెవి మెయిల్లో వస్తది సారూ!

సూర్యాపేటలో ఒక పెద్దాయన దొరికాడు. ముప్ఫై ఏళ్ళు ప్రొజెక్టర్ నడిపిన ఆపరేటరు. హాలు ఇప్పుడు మూతపడింది. పేరు రాయొద్దన్నాడు, రాయడం లేదు. టీ కొట్టు బల్ల మీద కూర్చుని చెప్పాడు.

"కార్బన్ పుల్లలు రెండు ఎదురెదురుగ వెట్టి నడుమ మంట వుట్టించాలె సారూ. పుల్ల కాలుకుంట పోతది, నడిమిట్ల సందు వెరుగుతది. తిప్పి మళ్ళ దగ్గరికి జరపాలె. చెయ్యి ఏమరిస్తే తెర పసుపుపచ్చగ అయితది. ఇగ కింద నేలల కూసున్నోళ్ళు ఊకుంటరా? ఈలలే ఈలలు!"

వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు ఆడుతుందని, రెండు మిషన్లుంటాయని, ఒకదాంట్లో రీలు అయిపోయే ముందు తెర కుడివైపు పైమూల చిన్న చుక్క మెరుస్తుందని, ఆ చుక్క చూసి రెండో మిషను అందుకోవాలని - ఇదంతా చేతులతో అభినయించి చూపించాడు. ఆ చుక్క మనం ఎన్నిసార్లు చూసి ఉంటాం! అదేమిటో ఎవరికైనా తోచిందా?

"మరి ఇప్పుడో కాకా?" అన్నాను.

"ఇప్పుడేమున్నది? డబ్బా లేదు, రీలు లేదు. ఆకాశంలకెల్లి సినిమా దిగుతది. తాళంచెవి మెయిల్లో వస్తది. బటన్ నొక్కుడే!"

నిజమే. 2005 తర్వాత ఉపగ్రహం ద్వారా, హార్డ్ డిస్కుల ద్వారా సినిమా హాళ్ళకు చేరే ఏర్పాట్లు వచ్చాయి. దాంతో ఒక మేలు జరిగింది, కాదనకూడదు. ఒకప్పుడు ప్రింట్లు తక్కువ. పెద్ద పట్నాల్లో ఆడి, అరిగి, గీతలు పడ్డాక గానీ రీలు పెట్టె చిన్న ఊరికొచ్చేది కాదు. ఇప్పుడు హైదరాబాదులో పడ్డ బొమ్మ అదే రోజు, అదే ఆటకు కోదాడలో పడుతుంది. ఊరికి ఊరికి మధ్య ఆ తేడా చెరిపింది డిజిటలే. శభాష్!

"మరి ఆ పాత మిషను ఏమైంది?" అనడిగాను.

"తూకానికి వోయింది."

కాసేపు ఊరుకుని మళ్ళీ తనే అన్నాడు. "పైసల లెక్క గాదు సారూ. దాని మీద నా ముప్ఫై ఏండ్ల చెయ్యి ఉండె."

సినిమా హాలు అనేది కూడా ఒక డిజైనేనండీ. నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ అని మెట్లు మెట్లుగా కట్టిన ఆ వాలు ఊరకే రాలేదు. ముందువాడి తల వెనకవాడి కంటికి అడ్డం రాకుండా లెక్కగట్టిన వాలు అది. తెరకు కంటికి కనపడనంత సన్న రంధ్రాలుంటాయి. వెనకనున్న స్పీకర్ల మాట వాటిలోంచి మనదాకా వస్తుంది. మాట తిరిగి కొట్టకుండా గోడలకు మెత్తటి పలకలుంటాయి. ప్రొజెక్టర్ గదికి మందపాటి గోడ, కిటికీకి జారే ఇనుప రేకు ఎందుకో తెలుసా? పాతకాలపు నైట్రేట్ ఫిల్ము బారుడులా అంటుకునేది. గదిలో మంట గదిలోనే ఆగాలని ఆ ఏర్పాటు. ఇంత ఆలోచన దాగిన భవనాన్ని మనం ఏం చేస్తున్నాం? పడగొట్టి ఫంక్షన్ హాలు కడుతున్నాం. ఫంక్షన్ హాలు పాపం కాదు, పెళ్ళిళ్ళు జరగాల్సిందే. కానీ ఊళ్ళో ఉన్న ఐదింటిలో ఒక్కదాన్నయినా "ఇది ఇలా ఉండేది" అని చూపడానికి ఉంచుకోవద్దా?

గళ్ళు గీసి రాసిన ముక్కు

కోదాడలో ఒక పెయింటరు. పాతికేళ్ళపాటు సినిమా బ్యానర్లు రాసిన చెయ్యి. చిన్న ఫోటో మీద గళ్ళు గీయడం, అన్నే గళ్ళు ఇరవై అడుగుల గుడ్డ మీద గీయడం, గడికి గడి చూసుకుంటూ మొహం పెంచుకుంటూ పోవడం - అదీ పద్ధతి. నిచ్చెన మీద నిలబడి ఒక కన్ను రాస్తుంటే రెండో కన్ను ఎక్కడుందో కనపడదట! దిగి, రోడ్డు దాటి, అవతలి కిళ్ళీ కొట్టు దగ్గర్నుంచి చూసుకుని, మళ్ళీ ఎక్కాలట.

"కాంతారావు గారి మొహమంతా ముక్కులోనే ఉంటదన్నా. ముక్కు కుదిరిందా, ఇంకేం చూడక్కర్లా" అన్నాడు. కోదాడ అటు ఆంధ్ర సరిహద్దు, ఇటు తెలంగాణ. ఆయన మాటలో రెండు యాసలూ కలిసే పలికాయి.

ఫ్లెక్సీ వచ్చింది. రాత్రి కంప్యూటర్లో దిద్దితే తెల్లారేసరికి అచ్చయి వేలాడుతోంది. పెయింటరు గారు ఇప్పుడు బడిగోడల మీద మామిడిపండు, అరటిపండు రాస్తున్నారు. రాసిన బ్యానర్లేమయ్యాయంటే నవ్వారు. ఒక సినిమా పోగానే అదే గుడ్డ మీద తెల్ల సున్నం కొట్టి ఇంకో సినిమా రాసేవాళ్ళట. ఒక గుడ్డ కింద ఎంతమంది హీరోలు సమాధి అయ్యారో!

ఫ్లెక్సీ కుర్రాడినీ కలిశానండోయ్. వాడూ కళాకారుడే. ఒకే ఫోటోలో ముప్ఫైమంది లీడర్ల మొహాలు ఇమడ్చడం మాటలా! కాకపోతే వాడి పనిముట్టు ఎలక, ఈయన పనిముట్టు కుంచె. ఇద్దరూ ఒకే వీధిలో ఉంటారు. ఒకరి పని ఒకరికి తెలియదు. ఇద్దర్నీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే చోటు ఊళ్ళో లేదు. రోటర్‌డామ్‌లో మూడు సంస్థల్ని కలిపిన గుట్టు ఇదే. పాతవాడి చేతిని కొత్తవాడి మిషనుతో కలిపితేగాని మూడో విద్య పుట్టదు.

కారైకుడి ఇల్లు, తెలంగాణ దొర

ఇక అసలు కడుపుమంటకొస్తాను. మన సినిమాల్లో తెలంగాణ దొరగారి గడీ అని చూపించే ఇల్లు చాలాసార్లు ఎక్కడిది? తమిళనాడులో కారైకుడి చెట్టియార్ల బంగళా! అందమైన ఇల్లే, అనుమానం లేదు. కానీ మా సూర్యాపేట పక్క గడీకి ఎత్తైన ప్రహరీ వేరు, బురుజు వేరు, డంగుసున్నం నునుపు వేరు, టేకు దర్వాజ మీది ఇనుప బొడిపెలు వేరు. ఆ దర్వాజ దగ్గర వంగి నడిచిన రైతుకు ఆ ఎత్తు తెలుసు. తెలంగాణ సాయుధ పోరాటం ఆ ఎత్తు మీదనే జరిగింది. ఇల్లు మారిస్తే కథ మారినట్టే గదా!

దర్శకుణ్ణి తిట్టి లాభం లేదు. "అసలు గడీ ఎలా ఉంటుందో చూపించండి" అని కళాదర్శకుడు అడిగితే చూపించడానికి కొలతలతో గీసిన బొమ్మల దొంతర ఒక్కచోట ఉండాలి. లేకపోతే పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు? దొరికిన బంగళాలో షూటింగ్ పెట్టుకుంటాడు.

ఈ మధ్య కృత్రిమ మేధ అని ఒకటొచ్చింది. మాట చెప్తే బొమ్మ గీస్తుంది. నేను మూడుసార్లు "తెలంగాణ గడీ" అని అడిగి చూశాను. ఒకసారి రాజస్థాన్ హవేలీ వచ్చింది. ఒకసారి మొఘల్ కమానులొచ్చాయి. మూడోసారి మళ్ళీ కారైకుడి! యంత్రం తప్పేముంది? మనం పెట్టిన మేతనే అది నెమరేస్తుంది. మన గోడల బొమ్మలు దానికి పెట్టనేలేదాయె.

మా దగ్గర సరుకు లేదా అంటే, బోలెడు! సూర్యాపేట నుంచి కూతవేటు దూరం పిల్లలమర్రి. కాకతీయుల సామంతులు రేచర్ల రెడ్లు ఏలిన ఊరు. అక్కడి ఎరకేశ్వరాలయం 1208లో ఎరకసాని అనే ఇల్లాలు కట్టించింది. ఒక ఆడకూతురు పేరు మీద నిలబడ్డ గుడి! నల్లరాతి స్తంభాలు అద్దంలా మెరుస్తాయి. అదే జిల్లాలో ఫణిగిరి ఉంది. అక్కడి బౌద్ధ తోరణ శిల్పాలను 2023లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శనకు పెడితే అమెరికావాళ్ళు చూశారు. 2024లో అదే గుట్ట మీద ఒక కుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. న్యూయార్కు వాడు చూసిన తోరణాన్ని సూర్యాపేట ఇంటర్ కుర్రాడు ఎప్పుడు చూడాలి?

"మ్యూజియం వెడితె బియ్యం వస్తయా?"

మిర్యాలగూడలో ఒక మిల్లు యజమాని నా ముచ్చటంతా ఓపికగా విని అడిగిన ప్రశ్న ఇది. ఊరంతా రైస్ మిల్లులు. ధాన్యం వాసన, ఊక పొగ, లారీల వరస. ఆ మనిషి అడిగిన దాంట్లో న్యాయముంది. వెంటనే జవాబు చెప్పలేక టీ తాగాను. తర్వాత కాలువ గట్టు మీద నిలబడితే జవాబు నా కళ్ళ ముందే పారుతోంది!

మిర్యాలగూడ, కోదాడ పొలాలకు నీళ్ళిచ్చేది నాగార్జునసాగర్ ఎడమ కాలువ. ఆ డ్యాముకు 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ గారు కాలువలకు నీళ్ళు వదిలారు. కానీ ఆ నీటి అడుగున ఏముందో తెలుసు గదా? ఇక్ష్వాకుల విజయపురి! స్తూపాలు, విహారాలు, స్నానఘట్టాలు, మెట్లు మెట్లుగా జనం కూర్చుని ఆటలు చూసిన రంగస్థలం. లోయ మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో తవ్వారు, కొలిచారు, గీశారు, ఫోటోలు తీశారు. కొన్ని కట్టడాలను ఇటుక ఇటుకా విప్పి కొండ మీదికి చేర్చి మళ్ళీ కట్టారు. ఆ కొండే ఇప్పుడు సాగర్ మధ్యలో దీవి. 1966 నుంచి అక్కడ మ్యూజియం ఉంది. ఆ రంగస్థలాన్ని అనుపు దగ్గర మళ్ళీ నిలబెట్టారు. పదిహేడు వందల ఏళ్ళ నాటి మన 'హాలు' అది!

అంటే బియ్యం కావాలనుకున్నవాళ్ళే మ్యూజియం కూడా కట్టారండీ. రెంటిలో ఒకటి ఎంచుకోలేదు. నీళ్ళు రావలసిందే, గుడి మిగలవలసిందే అనుకున్నారు. దేశానికి అన్నం చాలని రోజుల్లోనే అంత తాపత్రయపడ్డారు. ఇప్పుడు మనకేం తక్కువ? సాగర్ గట్టునే 2022 మే 14న బుద్ధవనం తెరిచారు. 274 ఎకరాలు, అమరావతి స్తూపాన్ని పోలిన మహాస్తూపం. పాత గోడ కొలతలుంటే కొత్తగా కట్టుకోవచ్చని దానికదే సాక్ష్యం.

ఈసారి వచ్చిన వరద నీళ్ళది కాదు, డిజిటల్‌ది. రీళ్ళు, కుంచెలు, కార్బన్ పుల్లలు, ట్రేసింగ్ కాగితాలు మునిగిపోతున్నాయి. తేడా ఏమిటంటే ఈ వరద తనే పడవ కూడా తెచ్చింది. ఎక్కడమే మన వంతు. 'మాయాబజార్' నెగటివు మిగిలింది గనుక 2010లో హైదరాబాదు కంపెనీ దానికి రంగులద్ది మళ్ళీ విడుదల చేయగలిగింది. 1932 నాటి మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద'కు రంగులద్దుదామన్నా చూడ్డానికి ప్రింటే లేదు!

ఒక హాలు, ఒక తాళం

కాబట్టి నా సలహా వినండి. మూడు ఊళ్ళలో మూతపడ్డ హాళ్ళున్నాయి. ఒక్కటి చాలు. కొత్త భవనం వద్దు, పాలరాయి వద్దు. నేల క్లాసులో బల్లలు వేసి ప్లాన్లు, సెట్ల నమూనాలు, గుళ్ళ కొలతలు పరచండి. బెంచీ క్లాసులో పెయింటరు గారికి ఒక గోడ, ఫ్లెక్సీ కుర్రాడికి ఒక కంప్యూటరు ఇవ్వండి. ప్రొజెక్టర్ గదిలో పాత మిషను ఒకటి తూకానికి పోకముందే కొని నిలబెట్టి, మా ఆపరేటరు కాకను పంతులుగా కూర్చోబెట్టండి. బాల్కనీలో కాలేజీ పిల్లలు. సెల్ ఫోనుతో గుడి చుట్టూ తిరిగి వందల ఫోటోలు తీస్తే వాటినుంచి కంప్యూటర్లో గుడి ఆకారం మొత్తం తయారుచేసే విద్య ఇప్పుడు అందుబాటులోనే ఉంది. పిల్లలమర్రితో మొదలుపెట్టొచ్చు. హైదరాబాదులో 1940 నుంచి కట్టడాలూ, లలితకళలూ నేర్పుతున్న కాలేజీ ఉంది. అదే 2008లో యూనివర్సిటీ అయింది. అక్కడి మేష్టార్లను నెలకోసారి పిలవండి. బస్సెక్కితే సూర్యాపేట ఎంత దూరం?

ఒక్క జాగ్రత్త. డిజిటల్ అంటే చిరంజీవి అనుకోవద్దు. హీరో గారి మాట కాదు, హనుమంతుడి మాట చెప్తున్నా! హార్డ్ డిస్కు కూడా చస్తుంది. ఇవాళ తెరుచుకున్న ఫైలు ఇరవై ఏళ్ళకు తెరుచుకుంటుందన్న భరోసా లేదు. అందుకే ఒకటి ఊళ్ళో, ఒకటి పొరుగూళ్ళో అని రెండు మూడు కాపీలు దాచాలి, కొన్నేళ్ళకోసారి కొత్త పెట్టెలోకి మార్చుకోవాలి. ఆవకాయ జాడీ చూసుకున్నట్టు చూసుకోవాలి.

ఆదివారం పూట ఒక పాత సినిమా వేయండి. వేసేముందు ఒక్క పది నిమిషాలు ఆ సినిమాలో గోడ గురించి మాట్లాడండి. హాలుకు పేరు పెట్టాలంటే వెదుక్కోనక్కర్లేదు. హైదరాబాదు రవీంద్రభారతిలో ప్రివ్యూ థియేటరుకు కరీంనగర్ బిడ్డ పైడి జైరాజ్ గారి పేరుంది. ఇక్కడ కాంతారావు గారో, ప్రభాకరరెడ్డి గారో, సుదర్శన్ గారో - ముగ్గురిలో ఎవరైనా మనవాళ్ళే.

డబ్బెవరిస్తారని అడుగుతారు. మిల్లు యజమాని గారితో కాలువ గట్టు ముచ్చట చెప్పాను. ఆయన వెంటనే చెక్కు రాయలేదు లెండి, సినిమా కాదుగా! "మా నాయిన మొదటి మిల్లు నక్షా ఒకటి అటక మీద ఉండాలె. చేత్తో గీసింది. దించి చూస్తా" అన్నాడు.

నాకది చాలు. మన కళాదర్శకులు కూడా తలా ఒక స్కెచ్చి నకలు అటక మీంచి దింపితే, మిగతా పని ఊళ్ళు చూసుకుంటాయి. పాఠక మహాశయులారా, మీ ఇంట్లో అటక లేదా? సెట్టు ఫోటో, హాలు టిక్కెట్టు ముక్క, బ్యానరు రాసిన తాతగారి గళ్ళ కాగితం, ఏదున్నా పారేయకండి. ఈ వారం నిచ్చెన వేసి ఒకసారి చూడండి!